కోన్ ఫిల్టర్ బిగిస్తే ఇరవై హార్స్‌పవర్ పెరుగుతుందా?

బెంగళూరులో కార్ల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. సారాంశం ఇది: స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ళు ముందుగా కంపెనీ ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే మూసిన పెట్టె) పీకేయాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి కంపెనీలు కాగితం ఫిల్టర్ పెట్టి ఇంజన్ గొంతు నొక్కేస్తాయి. ఓపెన్ కోన్ ఇంటేక్ (పెట్టె లేకుండా బయటికే ఉండే శంకువు ఆకారపు ఫిల్టర్) వేస్తే 15 నుంచి 20 హెచ్‌పీ, దాంతోపాటు మైలేజీ పెరుగుతాయి. బెంగళూరులో గాలి పల్చన కాబట్టి ఇక్కడ అది తప్పనిసరి. ఫిల్టర్ కడిగి వాడుకోవచ్చు, జీవితాంతం మళ్ళీ కొనక్కర్లేదు. అమెరికాలో ఆమోదం ఉన్న కిట్ కాబట్టి వారంటీకీ ఆర్టీఓకీ భయపడక్కర్లేదు.

దీన్ని నమ్మి పదులవేల రూపాయలు పెట్టి, ఉన్న పవర్ కూడా తగ్గించుకుంటున్నవాళ్ళు ఉన్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు హార్స్‌పవర్ సంగతి. కంపెనీ బాక్స్ గాలికి ఎంత అడ్డుపడుతోందో ఊహించక్కర్లేదు, కొలవచ్చు. ఫిల్టర్ దాటాక, థ్రాటిల్‌కో (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని నియంత్రించే కవాటం) టర్బోకో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టే పంపు) ముందు గొట్టంలో ఒత్తిడి ఎంత పడిపోతోందో ఒక చిన్న గేజ్ చెప్పేస్తుంది. బెంగళూరులో బయటి గాలి ఒత్తిడి సుమారు 91 కిలోపాస్కల్స్. రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర, కాలు పూర్తిగా తొక్కినప్పుడు, అందులో 2 కిలోపాస్కల్స్ బాక్స్‌లో పోతున్నాయనుకుందాం. ఆ అడ్డు మొత్తం మాయమైపోయినా టర్బో లేని ఇంజన్‌కి అదనంగా అందే గాలి రెండు శాతం చిల్లర. 150 హెచ్‌పీ ఇంజన్‌లో అది మూడు హెచ్‌పీ. అదే ఇంజన్‌కి 15 హెచ్‌పీ కలవాలంటే కంపెనీ బాక్స్ ఇప్పుడు 8 కిలోపాస్కల్స్ పైనే మింగేస్తూ ఉండాలి. అంత బిగుసుకుపోయిన బాక్స్‌ని ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. పైగా కంపెనీ ప్రకటించే నెట్ పవర్ ఆ బాక్స్, ఆ కాగితం ఫిల్టర్ బిగించి ఉండగా కొలిచిందే.

టర్బో కార్ల విషయం ఇంకోలా ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో ఉండే 1.5 టీఎస్‌ఐ లాంటి టర్బో ఇంజన్‌లో ఇంత టార్క్ కావాలి, దానికి ఇంత బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) కావాలి అని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ముందే లెక్క వేసుకుంటుంది. గాలికి అడ్డు కాస్త తగ్గితే టర్బో అదే బూస్ట్‌ని కొంచెం తక్కువ కష్టంతో ఇస్తుంది. బూస్ట్ టార్గెట్ మారలేదు కాబట్టి పవర్ కూడా దాదాపు మారదు. రీమ్యాప్ చేసి (ఈసీయూ ప్రోగ్రాం మార్చి), టర్బోని దాని హద్దు దాకా తీసుకెళ్ళినప్పుడు మాత్రమే ఇంటేక్‌కి నిజంగా పని పడుతుంది.

“మరి డైనో షీట్‌లో కనిపించింది కదా అన్నా?” అని అడుగుతారు. డైనో, అంటే కారు పవర్ కొలిచే యంత్రం, అబద్ధం చెప్పదు. కానీ ఆ కాగితాన్ని ఎలా చదవాలో తెలియాలి. చాలా డైనోలు వచ్చిన అంకెను ఒక ప్రామాణిక వాతావరణానికి సర్దుతాయి. ఎస్‌ఏఈ జె1349 పద్ధతిలో అది 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ పొడి గాలి. బెంగళూరులో ఒత్తిడి అంతకన్నా చాలా తక్కువ కాబట్టి ఇక్కడ కొలిచిన అంకెకు పది శాతం పైనే కలుస్తుంది. టర్బో లేని ఇంజన్‌కి ఈ సర్దుబాటు న్యాయమే, ఎందుకంటే ఎత్తు వల్ల అది నిజంగానే అంత పోగొట్టుకుంది. టర్బో ఇంజన్ మాత్రం పోయినదాన్ని బూస్ట్ పెంచి చాలావరకు తనే పూడ్చుకుంటుంది. దానికీ అదే పది శాతం కలిపితే కాగితం మీద లేని పవర్ పుడుతుంది. ఇంటేక్ వేశాక ఒకే ఒక రన్ తీసి, ఆ సర్దిన అంకెను బ్రోషర్‌లోని అంకె పక్కన పెట్టి “చూశారా” అంటే ఆ పోలికకు అర్థం లేదు. అదే రోజు, అదే డైనో మీద, అదే ఇంధనంతో, ముందు మూడు రన్లు, తర్వాత మూడు రన్లు, సర్దుబాటు చేయని అంకెలతో సహా ఉంటేనే దాన్ని చూడాలి. రన్‌కీ రన్‌కీ మధ్య ఒకటి రెండు శాతం తేడా ఏ మార్పూ చేయకుండానే వస్తుంది.

డైనోలో ఇంకో చిక్కు ఉంది. బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి రన్ తీస్తారు. ఓపెన్ కోన్‌కి అంతకన్నా మంచి రోజు ఉండదు. అదే కారుని బానెట్ మూసి సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు నిలబెట్టండి. ఇంజన్ మీద నుంచి, రేడియేటర్ వెనక నుంచి వచ్చే వేడి గాలినే కోన్ పీలుస్తుంది. కంపెనీ బాక్స్‌కి గ్రిల్ వెనక నుంచో, హెడ్‌లైట్ పక్క నుంచో బయటి గాలి తెచ్చే గొట్టం ఉంటుంది. మెసేజ్ పీకేయమంటున్నది దాన్నే. బయట 30 డిగ్రీలు ఉండి, బానెట్ కింద గాలి 60 డిగ్రీలు ఉంటే సాంద్రత సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది. అడ్డు తగ్గించి సంపాదించింది రెండు శాతం, వేడితో పోగొట్టుకున్నది తొమ్మిది. దీనికి తోడు వేడి గాలి లోపలికి వెళ్ళినప్పుడు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండటం) రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది. అది ఇంకో నష్టం. టర్బో కారులో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఉంది కదా అనుకోవచ్చు. టర్బోలోకి వెళ్ళేదే వేడిగా ఉంటే బయటికి వచ్చేది ఇంకా వేడిగా వస్తుంది, ఇంటర్‌కూలర్ మీద భారం పెరుగుతుంది.

నైస్ రోడ్డు మీద ఆగకుండా వెళ్తున్నప్పుడు ఈ తేడా బాగా తగ్గిపోతుంది, అది నిజం. కానీ మన కార్లు ఎక్కువ గంటలు గడిపేది మారతహళ్ళి, బెళ్ళందూరు ట్రాఫిక్‌లో. ఒక ఓబీడీ రీడర్ (కారు సెన్సర్ల అంకెలు చూపే పరికరం) పెట్టుకుని ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత చూసుకుంటూ ఆఫీసుకి వెళ్ళి రండి. నా మాట నమ్మాల్సిన పని కూడా ఉండదు.

బెంగళూరులో గాలి పల్చన అన్న మాట నిజమే. నగరం సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజన్ ఇక్కడ చెన్నైతో పోలిస్తే దాదాపు పది శాతం పవర్ కోల్పోతుంది. మస్టాంగ్ జీటీ లాంటి పెద్ద వీ8 ఉన్నవాళ్ళు రెండు ఊళ్ళలోనూ నడిపితే తేడా కాలికి తెలుస్తుంది, చెన్నై ఎండ అందులో కొంత తినేసినా సరే. కానీ ఫిల్టర్‌కి ఆ ఒత్తిడిని పెంచే శక్తి లేదు. బయట 91 ఉంటే ఎంత గొప్ప ఇంటేక్ అయినా 91కి మించి లోపలికి ఇవ్వలేదు. ఆ లోటు తీర్చగలిగేది టర్బో, లేదా సూపర్‌చార్జర్.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెట్రోల్ కారు మామూలుగా నడిచేటప్పుడు గాలిని ఆపేది థ్రాటిలే. ఫిల్టర్ దగ్గర అడ్డు తగ్గితే అంత మేరకు థ్రాటిల్ మూసుకుంటుంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబరేటరీ, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఆధునిక పెట్రోల్ కార్లలో పూడుకుపోయిన ఫిల్టర్‌తో కూడా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదని చూపింది. తేడా వచ్చింది యాక్సిలరేషన్‌లో. మురికి ఫిల్టర్ తీసేసినా పెరగని మైలేజీ, శుభ్రమైన ఫిల్టర్ తీసి కోన్ పెడితే పెరుగుతుందా?

“జీవితాంతం ఫిల్టర్” అన్న మాట మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఉంది, ఎందుకంటే దీని నష్టం నెమ్మదిగా, కనబడకుండా జరుగుతుంది. ఫిల్టర్ అసలు పని దుమ్ము ఆపడం. దుమ్ము 99 శాతం ఆపేదానికీ 97 శాతం ఆపేదానికీ తేడా రెండే కదా అనిపిస్తుంది. ఇంజన్ వైపు నుంచి చూడండి. వంద గ్రాముల దుమ్ములో మొదటిది ఒక గ్రాము వదిలితే రెండోది మూడు గ్రాములు వదులుతుంది. ఇంజన్‌లోకి మూడు రెట్ల దుమ్ము. మెట్రో పనులతో తవ్వేసిన ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరిగే కారుకి అది చిన్న విషయం కాదు. ఇసుక రేణువులు సిలిండర్ గోడల్ని, పిస్టన్ రింగుల్ని అరగదీస్తాయి, టర్బో బ్లేడ్ల అంచుల్ని కొరుకుతాయి. ఫిల్టర్ల పనితనాన్ని కొలవడానికి ఐఎస్ఓ 5011 అనే పరీక్ష ఉంది. అమ్మేవాళ్ళని హెచ్‌పీ అడిగే ముందు ఆ రిపోర్టు అడగండి. గాలి బాగా పోతుందని మాత్రమే చెప్పి, దుమ్ము ఎంత ఆపుతుందో చెప్పకపోతే ఆ ఫిల్టర్ వద్దు.

నూనె పూసే కాటన్ ఫిల్టర్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. కడిగాక పూర్తిగా ఆరాలి, నూనె సరైన మోతాదులో పట్టాలి. తక్కువైతే దుమ్ము దాటిపోతుంది. ఎక్కువైతే అది ఎగిరి మాఫ్ సెన్సర్ మీద పడుతుంది. గాలి ఎంత వస్తోందో కొలిచే ఆ సన్నని వేడి తీగకు మురికి పడితే లెక్క తప్పుతుంది. మన ఊరి వాతావరణానికి నూనె లేని డ్రై ఫిల్టరే మేలని నా అభిప్రాయం. కాగితం ఫిల్టర్‌ని కూడా ప్రతిసారీ తీసి ఎయిర్ గన్‌తో కొట్టించకండి. ఆ గాలి దెబ్బకు మడతలు పాడవుతాయి. నిజానికి కొంచెం దుమ్ము పట్టిన కాగితం కొత్తదానికన్నా బాగా వడకడుతుంది. ఏ ఫిల్టర్ వేసినా కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక దాని వెనక గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. బూడిదరంగు పొడి అంటితే ఆ ఫిల్టర్ తీసేయండి.

మాఫ్ సెన్సర్ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ఆ సెన్సర్ లెక్క అది కూర్చున్న గొట్టం వ్యాసం మీద ఆధారపడి ఉంటుంది. గొట్టం పెద్దదైతే అదే గాలికి సెన్సర్ తక్కువ చూపిస్తుంది, ఈసీయూ తక్కువ పెట్రోల్ ఇస్తుంది. మిశ్రమం పల్చబడుతుంది. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనే చేసుకునే ఇంధన సవరణ) కొంతవరకు సర్దుతుంది. సర్దలేని చోట చెక్ ఇంజన్ లైట్ వెలిగి, మిశ్రమం పల్చగా ఉందని చెప్పే పీ0171 కోడ్ వస్తుంది. మస్టాంగ్ కిట్లలో ట్యూన్ అవసరమైనవి, అవసరం లేనివి అని రెండు రకాలు అమ్ముతారు. ట్యూన్ కావాల్సిన కిట్‌ని ట్యూన్ లేకుండా బిగించి నందిహిల్స్ ఎక్కడం ఇంజన్‌తో జూదమాడటమే. చిన్న టీఎస్‌ఐ ఇంజన్లు చాలావరకు మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సర్‌తో (గాలి ఒత్తిడి కొలిచేది) నడుస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. మీ కారులో ఏది ఉందో ముందు తెలుసుకోండి.

అమెరికా ఆమోదం మాటకొస్తే, కిట్ మీదుండే కాలిఫోర్నియా ఆమోద నంబర్ అమెరికాకే పరిమితం. వారంటీ పోదని చూపించే మాగ్నసన్-మాస్ చట్టం 1975లో అమెరికా చేసుకున్నది. రెండింటికీ ఇక్కడ విలువ లేదు. ఇక్కడ వర్తించేది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, 2019 సవరణతో వచ్చిన 182ఏ. నిబంధనలు ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చెరువైనప్పుడు ఎన్ని ఖరీదైన కార్లు నీళ్ళలో నిలిచిపోయాయో చూశాం. బంపర్ కిందకి ఫిల్టర్ దించే కోల్డ్ ఎయిర్ కిట్లు నీళ్ళు పీల్చడానికి అందరికన్నా ముందుంటాయి. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

చప్పుడు కోసం కావాలంటే తీసుకోండి, అందులో తప్పు లేదు. కంపెనీ బాక్స్‌లోని రెసొనేటర్ ఆ శబ్దాన్నే మింగుతుంది. అది తీసేస్తే టర్బో ఈల, థ్రాటిల్ తెరుచుకునే గర్జన వినిపిస్తాయి. వాటిని ఇష్టపడేవాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే దాన్ని పవర్ అని అమ్మకూడదు.

ఇంటేక్ మార్చాలనే నిర్ణయించుకుంటే మూసిన బాక్స్ ఉన్నదాన్నే ఎంచుకోండి. బయటి గాలి తెచ్చే గొట్టం బంపర్ కింద కాకుండా పైన ఉండాలి. సెన్సర్ గొట్టం లోపలి వ్యాసం కంపెనీదానితో సమానంగా ఉండాలి, లేదా రీమ్యాప్ ఖర్చు కూడా లెక్కలో కలుపుకోవాలి. మార్పులేమీ చేయని కారుకి కంపెనీ బాక్స్‌లోనే మంచి కొత్త ప్యానెల్ ఫిల్టర్ చాలు. పాత బాక్స్‌ని మాత్రం క్లిప్పులు, రబ్బరు బుష్‌లతో సహా దాచి ఉంచండి. రేపు చెక్ ఇంజన్ లైట్ వెలిగితే తప్పు ఇంటేక్‌దా, ఇంకెక్కడిదా అని తేల్చుకోవడానికి దాన్ని తిరిగి బిగించి చూడటమే అన్నిటికన్నా సులువైన పద్ధతి.