‘కొత్తవాళ్ళు నేరుగా 650 కొనండి’ అనే మెసేజ్‌కు నా జవాబు

నెల రోజులుగా మా తిరుపతి కుర్రాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది, నాకే ఐదారుగురు పంపారు. కొత్తగా బండెక్కేవాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో నేరుగా 650 సీసీ బండి తీసుకోండి, బరువుంటుంది కాబట్టి ఘాట్‌లో అదే సేఫ్ అంటుంది. మీటర్ పదివేల లోపుంటే కళ్ళు మూసుకుని కొనొచ్చట, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ లేకపోయినా పర్లేదట. చెన్నై నుంచి తెస్తే బాగా మిగులుతుంది, పేరు తీరిగ్గా మార్చుకోవచ్చట. 350 కొంటే ఆర్నెల్లకే బోర్ కొడుతుందట. దీన్ని నమ్మి డబ్బులు తీస్తున్నది మొన్న మొన్న లైసెన్స్ వచ్చిన పిల్లలు, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. రోడ్డును పట్టుకునేది టైరు, బరువు కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 పెట్రోలుతో కలిపి 210 కిలోల పైమాటే. పరుగులో ఆ బరువు తెలీదు, నిజమే. అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో మెల్లగా జరిగేటప్పుడు, వాలు మీద యూ టర్న్ తీసుకునేటప్పుడు తెలుస్తుంది. మా పిన్ని కొడుకు పోయినేడాది కపిలతీర్థం రోడ్డులో సరిగ్గా అలాగే పడ్డాడు. వేగం లేదు, ఎవరూ గుద్దలేదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉండగా ముందు బ్రేక్ పట్టాడు, బండి ఎడమకు ఒరిగింది, కాలు పెట్టాడు గానీ ఆగలేదు. చీలమండ ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు, బండి లేపడానికి పూలకొట్టు నుంచి ఇద్దరు పరిగెత్తుకు రావాల్సి వచ్చింది. ఇక కొండ దిగడమంటే 1944లో తెరిచిన పాత ఘాట్ మీదే కదా, బిగుతు మలుపులు. గేరులోనే ఉంచి ఇంజన్‌తో ఆపుకుంటూ దిగాలి. క్లచ్ నొక్కేసి బ్రేకుల మీదే దిగితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది, బండి బరువు పెరిగేకొద్దీ ఆ వేడీ పెరుగుతుంది.

650 ఇంజన్ చెడ్డదని నేను అనను. 47 హార్స్ పవర్, మెత్తగా లాగుతుంది. యూరప్‌లో చిన్న వయసువాళ్ళకిచ్చే ఏ2 లైసెన్స్ పరిమితి 35 కిలోవాట్లు, ఇదీ దాదాపు అంతే. కానీ అక్కడ ఆ తరగతి బండి మీదే పరీక్ష పెడతారు. మన దగ్గర 100 సీసీ మీద ఎనిమిది వేసి తెచ్చుకున్న గేర్ బండి లైసెన్సే 650కీ చెల్లుతుంది. ఆ తేడాను ఎవరికి వాళ్ళే పూడ్చుకోవాలి.

మీటర్ మాట ఇంకా ప్రమాదం. వేలూరులో ఒక యార్డులో 7,400 చూపిస్తున్న బండి చూడటానికి పోయాం. తొమ్మిదికి వస్తామని చెప్పి ఎనిమిదికే వెళ్ళాం, ఇంజన్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. వేడి ఇంజన్‌లో రోగాలు బయటపడవు, అందుకే చల్లారాకే చూస్తామని చెప్పి రెండు గంటలు ఎదురు టీకొట్లో కూర్చున్నాం. అప్పుడు స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం, అర నిమిషం పాటు నీలి పొగ. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో టక్కున పట్టేసింది, కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అయిపోయినట్టే. ఫుట్‌రెస్ట్ రబ్బరు నున్నగా అరిగింది, డిస్క్ అంచు మీద గోరు పెడితే మెట్టులా తగిలింది. 7,400కి ఇంత అరుగుదల రాదు.

ఒకవేళ మీటర్ నిజమే అనుకుందాం. నాలుగైదేళ్ళలో అంత తక్కువ తిరిగిందంటే బండి ఎక్కువకాలం నిలబడే ఉంది, టైరు గట్టిపడి ఉంటుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైరుతో నేనైతే ఘాట్ ఎక్కను. ఇంకోటి, 2021 నవంబరులో మన ఊరు మునిగింది, 2023 డిసెంబరులో చెన్నై మునిగింది. నీళ్ళలో నానిన బండి పాలిష్ కొడితే మెరుస్తుంది, అందుకని సీటు విప్పించి వైర్ల జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము ఉందేమో చూడండి.

ఏబీఎస్ లేకపోయినా పర్లేదు అనే మాట అసలు వినకండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి. అంతకంటే పాత బండి చూస్తుంటే చక్రం దగ్గర వంగి, డిస్క్ పక్కన సెన్సర్ ఉందో లేదో చూసుకోండి.

పేరు తీరిగ్గా మార్చుకోవచ్చట! చెన్నై బండికి అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ లేకుండా ఇక్కడ పని కదలదు. పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ళ సంతకాలు డబ్బులిచ్చే రోజే ఎదురుగా పెట్టించుకోండి, తర్వాత ఫోన్ ఎత్తుతారన్న గ్యారంటీ లేదు. లోన్ బండైతే, లోన్ తీరిందని బ్యాంకు సంతకం పెట్టే ఫారం 35 కూడా కావాలి. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, మిగిలిందనుకున్న డబ్బులో కొంత అక్కడే పోతుంది. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించకపోతే మీ బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. అమ్మేవాళ్ళకీ చెప్తున్నా, ఆర్సీలో పేరున్నవాళ్ళే ఓనరు, యాక్సిడెంట్ జరిగితే పరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

చివరిది, 350 బోర్ కొడుతుందనేది. కొట్టనివ్వండి, అప్పటికి చేతులు తిరిగి ఉంటాయి, అమ్మేసి పెద్దది కొనుక్కోవచ్చు. ఖర్చు కూడా చూడండి, 2022 రేట్ల ప్రకారం 150 దాటి 350 సీసీ వరకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) ప్రీమియం ఏడాదికి 1,366 రూపాయలు, అది దాటితే 2,804. పైగా 2025 సెప్టెంబరు నుంచి 350 వరకు జీఎస్టీ 18 శాతానికి దిగింది, పైవాటికి 40 అయింది. అంటే పాత 350కి ఎవరైనా పాత రేటే చెప్తుంటే, కొత్త బండి ధర పక్కన పెట్టి బేరమాడండి.

కాలు మానాక మా వాడు 181 కిలోల హంటర్ 350 తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే చంద్రగిరి దగ్గర ఖాళీ రోడ్డులో యూ టర్న్‌లు ప్రాక్టీస్ చేస్తున్నాడు, ఘాట్ ఇంకా ఎక్కలేదు. ఈ ఆదివారం మీలో ఎవరైనా బండి చూడటానికి పోతుంటే చెప్పండి, నేనూ వస్తాను. మనం వెళ్ళేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని మాత్రం ముందే చెప్పి పెట్టండి.