కాంబినేషన్ ముందా, కథ ముందా?

ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు సినిమా ఎలా మొదలవుతుందో తెలిసిందే. ముందు హీరో డేట్లు, ఆ డేట్లకు దొరికే దర్శకుడు, ఆ ఇద్దరి పేర్ల మీద ఫైనాన్స్. కథ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ లెక్కన నిర్మాత అంటే అడ్వాన్స్ ఇచ్చేవాడు, అంతే. అదే ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో కట్టిన దగ్గుబాటి రామానాయుడు చేసిన పని మాత్రం వేరు.

ఆయన గురించి ఎవరు రాసినా రికార్డులే రాస్తారు. సొంతూరు కారంచేడు, 1964లో సురేష్ ప్రొడక్షన్స్, 13 భాషల్లో 130కి పైగా సినిమాలు, గిన్నిస్, ఫాల్కే, పద్మభూషణ్, మధ్యలో ఒకసారి బాపట్ల ఎంపీ. అన్నీ నిజమే. నాకు మాత్రం వీటన్నిటికంటే ఆయన కొన్న నవలలే ముఖ్యం.

1971లో కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’. 1973లో యద్దనపూడి సులోచనారాణి ‘జీవన తరంగాలు’. 1976లో మళ్లీ ఆవిడదే ‘సెక్రటరీ’. ఆడవాళ్ల కాలక్షేపం అని సాహిత్య పెద్దలు చప్పరించేసిన పుస్తకాలు ఇవి. ఇంట్లో ఒకరు చదివాక పక్కింటికి, అక్కణ్ణుంచి వెనక వీధికి చేతులు మారుతుండేవి. హాలుకు వచ్చే కుటుంబం ఏం చదివి కళ్లు తుడుచుకుంటోందో తెలిసిన నిర్మాతకు వేరే మార్కెట్ సర్వే ఎందుకు? ‘ప్రేమనగర్’నే చూడండి. తెలుగులో అక్కినేని, 1972లో తమిళంలో శివాజీ, 1974లో హిందీలో రాజేష్ ఖన్నా. నిర్మాత ఈయనే, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావే. హీరోలు ముగ్గురు మారారు, కథ మారలేదు. అంతకుముందు డి.వి. నరసరాజు రాసిన ‘రాముడు భీముడు’దీ ఇదే దారి. ఇక్కడ ఎన్టీఆర్ చేసిన రెండు పాత్రల్ని ఆ తర్వాత తమిళంలో ఎంజీఆర్, హిందీలో దిలీప్‌కుమార్ చేశారు. పాన్ ఇండియా అన్న మాట అప్పటికి పుట్టలేదు లెండి.

ఆయనా స్టార్లనే నమ్ముకున్నాడు కదా, పైగా ఇంట్లోనే ఒక హీరో ఉన్నాడు కదా అంటారు. కాదనను. వందరోజుల ఆట పోయి మూడు రోజుల వసూళ్లు వచ్చాయన్నదీ నిజమే. కానీ 1986లో శారద ప్రధాన పాత్రగా ‘ప్రతిధ్వని’ని బి. గోపాల్ అనే కొత్త దర్శకుడి చేతిలో పెట్టింది ఈయనే. 1999లో ఋతుపర్ణ ఘోష్‌తో బెంగాలీలో ‘అసుఖ్’ తీసి జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఈయనే. ఏ కాంబినేషన్‌ను చూసి తీసినట్టు?

ఇప్పుడు బడ్జెట్‌లో సింహభాగం పారితోషికాలకే పోతోంది. ఆ బరువు మోయడానికి ప్రతి పెద్ద సినిమాకూ సచివాలయం చుట్టూ తిరిగి టికెట్ రేట్ల జీవో తెచ్చుకోవాలి. కథకు పెట్టని డబ్బును ప్రేక్షకుడి జేబులోంచి లాగుతున్నారు. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్స్ మెట్లెక్కాలంటే ఆలోచించుకోవాల్సి వస్తోంది. అసలు రోగం ఇంకా లోపల ఉంది. ఈ ఊళ్లో సినిమా తీసేవాళ్లు తెలుగు చదవడం మానేశారు. నవలల్ని సీరియల్‌గా వేసే వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. రాసేవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు, కొనే నిర్మాతే లేడు.

ఈమధ్య జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాణ సంస్థ ఆఫీసుకు వెళ్లాను. గోడ పొడవునా షీల్డులున్నాయి, పుస్తకం ఒక్కటీ లేదు. కథలు చూసే కుర్రాడికి ఒక నవల ఇవ్వబోతే, తనకు తెలుగు చదవడం అంతగా రాదని, ఎవరైనా వచ్చి నెరేషన్ ఇస్తే వింటామని చాలా మర్యాదగా చెప్పాడు.