మహారాజశ్రీ గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ (గిల్) గారికి

పలాస,
శ్రీకాకుళం జిల్లా.

అయ్యా గిల్ గారూ,

మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే తాళం తమరు. 1992 నుంచి అక్కడ తిష్ట వేసినవారిని ఎవరేం చేయగలరు!

జీడిపప్పు ఫొటో చూసి గుండేదో బద్దేదో తేల్చే ప్రోగ్రాం రాస్తున్నాను. లెక్కలన్నీ అచ్చం పైథాన్‌లోనే. మా షావుకారు ముచ్చటపడి ఒకేసారి ఎనిమిది పనులు చేయగల ఎనిమిది కోర్ల కంప్యూటర్ కొనిచ్చారు. నేనూ ఎనిమిది థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడవాల్సిన ఎనిమిది పనిపాయలు, పెట్టాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ వాడకం 13 శాతం దగ్గరే వేలాడుతోంది. షావుకారు నా వెనక నిలబడి చూసి, "ఎనిమిదున్నాయన్నావు. మిగతా ఏడూ ఏటి సేస్తన్నాయి బాబూ?" అన్నారు.

తమరి దర్శనం కోసం క్యూలో ఉన్నాయని చెప్పనా? పప్పు వొలవడానికి ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, అందరికీ కలిపి ఒక్క కత్తి ఇచ్చినట్టుంది తమ పరిపాలన. అదీ 5 మిల్లీసెకన్లకోసారి చేతులు మారాలి!

తమరికో కారణం ఉందని తెలుసు. ప్రతి ఆబ్జెక్టునీ ఎన్నిచోట్ల వాడుతున్నారో పైథాన్ లెక్క పెట్టుకుంటుంది. అది సున్నా అయితే మెమరీ ఖాళీ. రెండు థ్రెడ్లు ఒకేసారి ఆ లెక్క దిద్దితే కొంప మునుగుతుంది, అందుకే తమరు కాపలా. బాగానే ఉంది. మరి నా గుండ్ల లెక్కకి కాపలా ఏదీ? రెండు థ్రెడ్లు ఒకే కౌంటర్‌కి ఒకటి కలిపే చోట తమరి హామీ ఏమీ లేదట. దానికి వేరే తాళం నేనే తెచ్చుకోవాలట. తమ లెక్క భద్రం, మా లెక్క మా ఖర్మ!

డిస్కు నుంచో నెట్ నుంచో ఫైలు రావాలంటే మాత్రం ఎంత మర్యాదగా పక్కకు తప్పుకుంటారో. సీ భాషలో రాసిన నంపైలాంటి పెద్దింటి లైబ్రరీలకీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూటలకీ) చాలాచోట్ల దారి వదులుతారు. దొరతనమంతా మాలాంటివాళ్ల మీదే. థ్రెడ్లకు బదులు మల్టీప్రాసెసింగ్, అంటే పనిని విడివిడి ప్రోగ్రాములుగా నడపడం, వాడుకోమని ఉచిత సలహా ఒకటి. ఒక్కో ప్రాసెస్‌కీ ఒక్కో ఇంటర్‌ప్రెటర్, ఫొటోలు అటూ ఇటూ మోత. ర్యామ్ డబ్బులు తమరిస్తారా?

తమరు లేకుండానూ పైథాన్ నడిచే వీలు కల్పించాలన్న ప్రతిపాదన పెప్ 703ని 2023లో ఆమోదించారు. 2024 అక్టోబరులో పైథాన్ 3.13 వెర్షన్‌తో పాటు తమరు లేని పైథాన్ ప్రయోగంగా వచ్చింది. 3.14కి ఆ 'ప్రయోగం' ముద్ర కూడా చెరిపేశారు. కాశీబుగ్గ నుంచి స్వీట్లు తెప్పించాను. పంచడం పూర్తికాకముందే కెమెరా కోసం ఓ పాత లైబ్రరీని ఇంపోర్ట్ చేశానో లేదో, తెరమీద హెచ్చరిక: ఈ లైబ్రరీ గిల్ లేకుండా నడుస్తుందని ఎవరూ రాసివ్వలేదు, కాబట్టి గిల్‌ని మళ్ళీ ఆన్ చేశాం!

సెట్టింగు మార్చి తమరిని బలవంతంగా గెంటేయొచ్చు. అప్పుడా లైబ్రరీ పని మధ్యలో కుప్పకూలితే షావుకారుకి సమాధానం తమరొచ్చి చెబుతారా? చెబుతానంటే తిరుగు టపాలో జాబు రాయండి. రాత్రికే తీసేస్తాను.

ఇట్లు,
తమ ఎనిమిదో థ్రెడ్ తరఫున,
ఒక పలాస ప్రోగ్రామర్