నోటి మీద వేలు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ నోటి మీద వేలు గారికి,

మీ దగ్గరే చదువుకుని, ఇప్పుడు మీ కిందే పనిచేస్తున్న ఒక ఎస్జీటీ (ప్రైమరీ బడి టీచరమ్మ) నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. పొద్దున ప్రార్థన మొదలు సాయంత్రం లాంగ్ బెల్ దాకా మా బడిలో మీకు క్షణం తీరిక ఉండదని నాకు తెలుసు, మిమ్మల్ని అన్నిసార్లు పిలిచేది నేనే కాబట్టి.

ముందుగా అభినందనలు, ఆలస్యంగానైనా. 2009 విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 17 వచ్చి పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అన్నాక బెత్తం గారు రిటైరైపోయారు కదా (కొన్ని బళ్లలో ఇంకా ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నారని వినికిడి, మనకెందుకులెండి). ఆయన కుర్చీ ఖాళీ అయితే సీనియారిటీ ప్రకారం ప్రమోషన్ మీకే వచ్చింది. దెబ్బ లేదు, వాత లేదు, తల్లిదండ్రులు బడి మీదికి వచ్చే పని లేదు. "ఏయ్! ఎడం చెయ్యి కట్టు, కుడి చేతి వేలు నోటి మీద!" అంటే చాలు, 31 మంది పిల్లలు సైలెంట్‌లో పెట్టిన ఫోన్లయిపోతారు.

అసలు విషయానికొస్తాను. మా పిల్లల ప్రోగ్రెస్ రికార్డులో తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం అయ్యాక కింద ఇంకొన్ని గడులుంటాయి. అందులో ఒకటి విలువల విద్య, జీవన నైపుణ్యాలు. ఇంకోటి ఆరోగ్య, వ్యాయామ విద్య. ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం, నలుగురితో మెలగడం, కోపం వస్తే ఏం చెయ్యాలి, భయం వేస్తే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఆ గడుల్లోకే వస్తాయి. వాటికి టైంటేబుల్లో పీరియడ్ కూడా ఉంది. ఆ పీరియడ్‌లో నేను మిగిలిపోయిన తీసివేతలు చెబుతాను. తీసివేతలు కూడా లేని రోజు ఏదో ఒక యాప్‌లో ఏదో ఒక ఫోటో ఎక్కిస్తుంటాను, నెట్‌వర్క్ కోసం వేపచెట్టు కింద నిలబడి, మధ్యమధ్య గుమ్మం దాకా వచ్చి "నోటి మీద వేలు!" అని ఒక కేక వేసి మళ్లీ చెట్టు కిందికి పోతూ. అంటే లెక్కప్రకారం ఆ సబ్జెక్టు చెబుతున్నది మీరే. జీతం మాత్రం నాకొస్తోంది, ఏమీ అనుకోకండి.

గ్రేడు వేసేదీ మీరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 1990ల్లో జీవన నైపుణ్యాలు పది అని ఒక జాబితా ఇచ్చారు, ట్రైనింగుల్లో మాకు ఇప్పటికీ అదే స్లైడ్ వేస్తారు: తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, మనసులో మాట చెప్పగలగడం, సొంతంగా నిర్ణయం తీసుకోవడం, టెన్షన్ తట్టుకోవడం, ఇలా. మీరు ఆ పదింటినీ కుదించి ఒక్కటి చేశారు. కిక్కురుమనకుండా కూర్చున్న పిల్లకి ఏ ప్లస్. "అదెందుకు టీచర్?" అన్నవాడికి బి. ఆ ట్రైనింగులోనే ఒకసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక మేమంతా కబుర్లలో పడితే, ట్రైనింగ్ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు విసుగొచ్చి సరదాకి "నోటి మీద వేలు" అన్నారు. నలభై దాటిన టీచర్లం, సగం మందిమి తెలీకుండానే పెట్టేశాం.

ఇక ఆరోగ్యం సంగతి. ఇంటర్వెల్లో పిల్లలు గోళీలాడతారు, పక్కింటివాళ్లు గేదెలు కట్టేసేది కూడా ఆ మట్టిలోనే. బెల్లు కొట్టగానే పరిగెత్తుకొచ్చి కూర్చుంటారు, నేను మిమ్మల్ని పిలుస్తాను. 31 వేళ్లు, గోటి కింద నల్లటి గీతతో సహా, తిన్నగా పెదాల మీదికి. వాళ్లనలా కూర్చోబెట్టి నేను బోర్డు మీద రాసే పాఠం పేరు చేతుల శుభ్రత. అక్టోబర్ 15న చేతులు కడుక్కునే దినం చేస్తాం, దానికి కొన్న సబ్బు బీరువాలో ఉంది, రేపర్ కూడా చిరగలేదు, ఏటా ఫోటోకి తీసి మళ్లీ లోపల పెడతాం. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు, అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒక్కొక్కళ్ల చేత నా ఎదురుగానే నమిలిస్తాను. మొన్నటిసారి ఏఎన్ఎం గారు "నులిపురుగులు కడుపులోకి ఎలా వెళ్తాయి?" అని అడిగితే మా మూడో తరగతి వాడు నోరు విప్పలేదు. తెలియక కాదు, నోటి మీద వేలుంది. ఆవిడ "పాఠం చెప్పలేదా అండీ" అన్నట్టు నా వైపు చూసింది. జవాబు పాపం వాడు చూపిస్తూనే ఉన్నాడు.

మా వైపు పిల్లల భాషలో వేళ్లది పెద్ద పదవి. ఒంటేలు, రెండేళ్లు. నోటితో అడగడానికి సిగ్గుపడే పనికి వేలు చూపించి వెళ్లమని పెద్దవాళ్లు చేసిన ఏర్పాటు, మంచిదే. కానీ ఎత్తిన వేలిని చూసేవాళ్లుండాలి కదా. పోయినేడు జూలైలో, బయట వాన, రెండో తరగతి పిల్ల ఒక చేత్తో మిమ్మల్ని పెదాల మీద పెట్టుకుని, రెండో చేతి చిటికెన వేలు ఎత్తి కూర్చుంది. ఎంతసేపు ఎత్తిందో నాకు తెలియదు. నేను బోర్డు వైపు తిరిగి ఐదో తరగతి వాళ్లకి భిన్నాలు వేస్తున్నాను, ఒక్క గదిలో మూడు తరగతులు మరి. ఎవరో కిసుక్కుమంటే తిరిగి చూశాను. గౌను తడిసిపోయి బెంచీ మీంచి కిందికి కారుతోంది. "ఎందుకమ్మా, ఒక్క మాట చెప్పొచ్చు కదా?" అన్నాను. ఏడుస్తోంది, కన్నీళ్లు వేలి మీదుగా మోచేతి దాకా దిగుతున్నాయి, వేలు మాత్రం కదల్లేదు. "తీసి చెప్పమ్మా" అన్నాక తీసి చెప్పింది.

"మీరు తియ్యమనలేదుగా టీచర్."

మీ పద్ధతిలో అయితే ఆ రోజు దానికి ఏ ప్లస్ పక్కన ఇంకో ప్లస్ వెయ్యాలి.

ఇప్పుడు మంచి స్పర్శ, చెడు స్పర్శ. చార్టు ఉంది. బొమ్మలో ఒకడు నల్ల కళ్లద్దాలు, చేతిలో చాక్లెట్, చూడగానే బందిపోటులా ఉంటాడు. అలాంటివాడు మా ఊళ్లో బస్సు దిగితే కుక్కలే పొలిమేర దాకా తరుముతాయి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద నమోదైన అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆ పిల్లలకి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతూనే ఉన్నాయి. పక్కింటాయన, ఆటో ఆయన, ట్యూషన్ మాస్టారు, వేలువిడిచిన మేనమామ. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపించేవాళ్లే అందరూ. అలాంటి మామయ్య ఇంటికొస్తే "వెళ్లు, ఒళ్లో కూర్చో, ముద్దు పెట్టు" అని తోసేది మనమే. పిల్ల ఒళ్లు బిగబట్టి వెనక్కి లాక్కుంటే "వేలెడంత లేదు, ఎంత పొగరో" అని నవ్వేదీ మనమే.

సరే, పాఠం చెప్పాను. ఎవరైనా అలా చేస్తే "వద్దు" అని గట్టిగా అరవాలి, అక్కణ్ణుంచి పరిగెత్తాలి, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పాలి అని. ప్రాక్టీసు చేద్దామన్నాను. మొదటిసారి దోమ పాడినట్టు వచ్చింది. రెండోసారి కాస్త నయం. మూడోసారి అందరూ కలిసి "వద్దూ!" అన్నారు చూడండి, పప్పు కలుపుతున్న వంటావిడ గరిటతో సహా బయటికొచ్చింది, వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి. నాకు ఒళ్లు జలదరించింది. అంతలో పక్కగదిలోంచి హెచ్చెం గారు వచ్చి "ఏంటమ్మా ఆ గోల, రోడ్డు మీదికి వినిపిస్తోంది" అన్నారు. నేనేం చేశానో మీకు తెలుసు. క్లాసు వైపు తిరిగి మిమ్మల్ని పిలిచాను. 31 మందీ పెట్టారు. ఆ పీరియడ్‌లో వాళ్లకి గుర్తుండిపోయేది ఏ సగమో మీరే చెప్పండి.

చట్టం మీతో ఒక తమాషా కూడా చేసింది. పోక్సోలో సెక్షన్ 19 ప్రకారం ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, దాచిపెడితే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్లయితే ఏడాది దాకా. అంటే మీరు పిల్లల నోటి మీద ఉంటే డిసిప్లిన్, నా నోటి మీద ఉంటే నేరం. ఆపదొస్తే ఫోన్ చెయ్యమని గోడ మీద పసుపు రంగుతో 1098 అని రాయించాం. దాని ముందు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టాం, ఆఖరి 8 కనిపించదు. మొదటి మూడంకెలూ మా పిల్లలకి కంఠతా వచ్చు.

మీరు మా దేశంలోనే కాదు, బయట కూడా పనిచేస్తున్నారని ఈమధ్యే తెలిసింది. మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది, దాని కొడుకు అక్కడ ప్రైమరీ. 2020 సెప్టెంబర్ నుంచి అక్కడి ప్రైమరీ బడుల్లో స్నేహాలూ బంధాల గురించి చెప్పడం, ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో ఆరోగ్య విద్య కూడా, తప్పనిసరి చేశారు. వాడు సెలవులకొచ్చినప్పుడు మా నాన్న బుగ్గ గిల్లబోతే "అడిగి ముట్టుకోవాలి తాతయ్యా" అన్నాడు. నాన్న వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు, ఇదేం చదువని. నేను మాత్రం చెల్లెల్ని అడిగాను, మరి అక్కడ క్లాసుని ఎలా కూర్చోబెడతారే అని. ఏముందక్కా, "ఫింగర్స్ ఆన్ లిప్స్" అంటారట. సలాం అండీ మీకు. వీసా ఎప్పుడు తెచ్చుకున్నారో.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను, క్షమించాలి. ఈ దసరా సెలవులయ్యాక ఒక వారం మిమ్మల్ని లీవు మీద పంపాను. మొదటి రెండు రోజులూ తల పగిలిపోయింది, అబద్ధమెందుకు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. మూడోరోజు నుంచి ఆ గోలలోంచి మాటలు విడివిడిగా వినపడ్డాయి. పెన్సిల్ దొంగతనాల మీద పదకొండు కంప్లయింట్లు. గుడ్డు వద్దు, సొన వాసనేస్తోంది. మా నాన్న రాత్రి అమ్మని కొట్టాడు. ఇది చెప్పినవాడు గుడ్డు సంగతి చెప్పిన గొంతుతోనే చెప్పాడు. వాణ్ని పక్కకి తీసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాను. తర్వాత ఏం చెయ్యాలో ఆ ట్రైనింగ్ స్లైడ్‌లో లేదు, వాడి చిక్కీ వాడు తింటూ కూర్చున్నాడు, నేను పక్కన కూర్చున్నాను.

నాలుగోరోజు నాలుగో తరగతి ఆడపిల్ల ఒకతి వచ్చి "టీచర్, బాత్రూం తలుపుకి గడియ లేదు" అంది. ఎప్పట్నుంచి అంటే తను రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచట. ఒకళ్లు లోపలికెళ్తే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకుని నిలబడాలి, మగపిల్లలు వచ్చి లాగుతారు. తోడు దొరక్కపోతే వెళ్లరు. వెళ్లకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. మేం రోజూ వాటర్ బెల్ కొడుతున్నాం, పిల్లలు నీళ్లు తాగాలని. అదే పద్ధతి కేరళలో 2019లో మొదలెడితే అందరూ ఎంత మెచ్చుకున్నారో. మా ఆడపిల్లలు బెల్లు కొట్టగానే సీసా మూత తీసి, పెదాలకి ఆనించి, మూత పెట్టేస్తారు. నేను తాగారనుకున్నాను. యాప్‌లో ఎక్కించడానికి ఆ బాత్రూంకి నేను తీసిన ఫోటోలు వందల్లో ఉంటాయి, బేసిన్, కుళాయి, నేల, ఫినాయిల్ సీసా. తలుపు తెరిచి తీస్తాం కదా, గడియ ఎప్పుడూ ఫ్రేములో పడలేదు.

గడియ 90 రూపాయలు, స్క్రూలతో కలిపి. వంటావిడ కొడుకు పావుగంటలో బిగించేశాడు. ఈ రెండేళ్లలో వ్యక్తిగత పరిశుభ్రత పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెసన్ ప్లానులో తారీఖులతో సహా ఉంది, హెచ్చెం గారి సంతకంతో.

పోయినేడు గౌను తడుపుకున్న పిల్ల ఇప్పుడు మూడుకొచ్చింది. చిటికెన వేలు ఎత్తడం మానేసింది. లేచి, గుమ్మం దాటుతూ "వెళ్లొస్తా టీచర్" అంటుంది, అంతే. నేను ఆగమనేలోపే వరండాలో ఉంటుంది.

కాబట్టి తమరు దయచేసి స్వచ్ఛంద పదవీ విరమణ సంగతి ఆలోచించగలరు. సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం, మీ కొలతకి చిన్నదే సరిపోతుంది. మాకంటే సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి తప్పలేదు గానీ, మీ సర్వీసు చూసి మీకు పాత పెన్షనే ఇప్పించమని యూనియన్‌లో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని, ప్రస్తుత కింది ఉద్యోగి.

తా.క. ఇప్పుడే ఫోనొచ్చింది. రేపు ఎంఈవో (మండల విద్యాధికారి) గారు విజిట్‌కి వస్తున్నారట. పదిన్నర నుంచి పదకొండున్నర దాకా, ఒక్క గంట, రాగలరా? వచ్చేటప్పుడు కడుక్కుని రండి.