మహారాజశ్రీ 99 శాతం గారికి

శ్రీకాకుళం నుంచి ఒక ఫ్లాట్ ఓనరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) గది తలుపుకు అతికించిన రిపోర్టులో మీరూ క్షేమమే: 'సూక్ష్మజీవుల తొలగింపు 99 శాతం'. మీ ధైర్యంతోనే ఆ నీళ్లు లాన్‌కి కొడుతున్నాం, పిల్లలు అందులోనే దొర్లుతున్నారు. మిగిలినవి కాలువలో పడి నాగావళి దారి పడుతున్నాయి.

మీరంటే మాకు మహా గౌరవం. ఇంటర్ పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. బీఓడీ, అంటే నీళ్లలోని కుళ్లు ఎంత ఆక్సిజన్ తాగుతుందో చెప్పే లెక్క, అందులో అయితే మీరు నిజంగానే మొనగాళ్లు. లీటరుకు 250 మిల్లీగ్రాములతో వచ్చిన మురుగు మీ చేతిలో పడితే రెండున్నరకు దిగుతుంది. 2017 నాటి కేంద్ర నిబంధన మాలాంటి ఊళ్లకు 30 దాకా ఒప్పుకుంది. ఆ పనికి మీకు సన్మానం చేస్తాం, శాలువా ఖర్చు అసోసియేషన్‌దే.

సూక్ష్మజీవుల దగ్గరే మీ సంగతి తేలిపోయింది. పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకు కోటి ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) ఉండటం వింతేమీ కాదు. కోటిలో మీరు తీసేయగా మిగిలేది లక్ష. చిన్న గ్లాసుడు నీళ్లలో లక్షండీ! అదే నిబంధన వెయ్యి లోపే ఉండాలంటోంది. అంటే మీ పక్కన ఇంకో రెండు తొమ్మిదులు చేరి 99.99 కావాలి. ల్యాబుల్లో దీన్నే లాగ్‌లలో చెబుతారు, ఒక్కో లాగ్ అంటే పదో వంతుకు తగ్గడం: మీరు 2 లాగ్, కావలసింది 4.

పోనీ, ఆ లక్షనైనా నమ్మాలా? శాంపిల్ పట్టింది మధ్యాహ్నం మూడింటికి. పొద్దున అన్ని ఫ్లాట్ల స్నానాలూ బట్టలూ ఒక్కసారిగా ప్లాంటు మీద పడే వేళ కాదు. కరెంటు బిల్లుకు భయపడి ఆపేసే బ్లోయర్ (మురుగులోకి గాలి ఊదే యంత్రం) ఆ రోజు మాత్రం ఉత్సాహంగా తిరిగింది. క్లోరిన్ కలిపిన నీళ్లు పట్టే సీసాలో ముందే క్లోరిన్‌కు విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే క్లోరిన్ సీసాలోనూ డ్యూటీ చేస్తూనే ఉంటుంది. మావాళ్లు పట్టింది ఉత్త సీసాలో. విశాఖ ల్యాబు దాకా ఎందుకు, రణస్థలం దాటేలోపే సగం చచ్చుంటాయి. మా నీళ్లు శుద్ధి అయింది ప్లాంటులోనా, హైవే మీదా? ఇక నులిపురుగుల గుడ్లు క్లోరిన్‌ను లెక్కే చేయవు. రిపోర్టులో వాటి ఊసే లేదు.

అందుకని వచ్చే మీటింగులో మీ బదులు రెండు అంకెలు అడుగుతున్నాను: లోపలికి ఎన్ని వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి. శాంపిల్ ఉదయం ఎనిమిదింటికి పట్టాలి. మీకు కష్టంగా ఉంటే బీఓడీ కాలమ్‌లోకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, సెక్రటరీ గారితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మెయింటెనెన్స్ బాకీ లేని ఓనరు