గుండెకు షోకాజ్ నోటీసు

మా కాలనీ పార్కు గేటు దగ్గర ప్రతి ఆదివారం పొద్దున్నే ఉచిత బీపీ శిబిరం వెలుస్తోంది. ఒక మడతబల్ల, దాని మీద ఒక యంత్రం, వెనక తెల్లకోటు తొడుక్కున్న కుర్రవాడు, పక్కన అమ్మకానికి ఏవో పొడుల డబ్బాలు. ఈ న్యాయస్థానంలో ముద్దాయి ఎప్పుడూ గుండే. యజమాని వేగంగా నడిచినప్పుడు తానూ వేగంగా కొట్టుకుందన్నది దాని మీద అభియోగం.

మొన్న మా వీధి విశ్రాంత తహసీల్దారుగారు గబగబా నాలుగు రౌండ్లు పూర్తిచేసి, చెమటైనా తుడుచుకోకుండా ఆ బల్ల ముందు కూలబడి చెయ్యి చాచారు. యంత్రం గుర్రుమని పైన 168, కింద 76 చూపించింది.

"అంకుల్, రేపటి నుంచి నడక బంద్ చెయ్యండి."

"ఇంట్లో 128 దాటదు బాబూ."

"అది ఇంటి మిషన్ అంకుల్."

వరుసలో నిలబడ్డవారంతా అయ్యో అన్నారు. ఒకావిడ ఉప్పు మానెయ్యమన్నారు, ఇంకొకాయన వెల్లుల్లి మింగమన్నారు, మూడో ఆయన తన బావమరిదికి అచ్చం ఇలాగే మొదలైందని చెప్పి, తర్వాత ఏమైందో చెప్పకుండా ఊరుకున్నారు. ఇవన్నీ విన్నాక మళ్ళీ కొలిస్తే 174. "చూశారా, పెరుగుతూనే ఉంది!" అన్నాడు కుర్రవాడు విజయగర్వంతో.

ముద్దాయి తరఫున ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకోవాలి కదా. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు తోడే గుండె, కాళ్ళు జోరందుకున్నకొద్దీ పది, పదిహేను లీటర్లు, ఆరోగ్యవంతుడు శక్తికొద్దీ పరుగెత్తితే 20 లీటర్ల దాకా తోడవలసి వస్తుంది కనుక, శ్రమ పెరిగిన ప్రతి మెట్టులోనూ పై అంకె ఎక్కి తీరుతుంది. పనిచేస్తున్న కండరాల్లో నాళాలు బాగా విచ్చుకుంటాయి కాబట్టి కింది అంకె ఉన్నచోటే ఉంటుంది, లేదా కాస్త దిగుతుంది. గుండె డాక్టర్లు ట్రెడ్‌మిల్ మీద ఎక్కించి, సాధారణంగా మూడేసి నిమిషాలకొకసారి వేగమూ వాలూ పెంచుతూ చేసే పరీక్షలో, పై అంకె పెరిగినందుకు కాదు, శ్రమ పెరుగుతున్నా అది పడిపోతే కంగారుపడి ఆపేస్తారు. అంటే తహసీల్దారుగారి 168/76 గుండెకు రావలసిన ప్రశంసాపత్రం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా వాచ్‌మన్ సంగతి వేరు. అతనికి నిజంగానే బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాడు. సైకిలు తొక్కుకుంటూ వచ్చి, అరగంట బెంచీ మీద కూర్చుని కొలిపించుకుంటే 122 వచ్చింది. వ్యాయామం ఆపాక కొన్ని గంటలపాటు పోటు మామూలుకంటే తక్కువగా ఉండడం సహజమన్న ముక్క తెలియని ఆ కుర్రవాడు "ఇక మాత్ర అక్కర్లేదు, ఈ పొడి చాలు" అన్నాడు. ఇతను మానేశాడు. మూడో వారం తల పగిలిపోతోందంటూ సర్కారు దవాఖానాకు వెళితే 190 దాటింది. పేదవాడి మాత్ర మాన్పించి పొడి అంటగట్టడానికి మీకు చేతులెలా వచ్చాయయ్యా? అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి కూర్చోబెట్టాకే కొలవాలన్న కనీస జ్ఞానం లేనివాడికి ఆ తెల్లకోటు తొడిగినవాడెవడు?

నిన్నటి ఆదివారం తహసీల్దారుగారు నడవలేదు. బీపీ చూపించుకోవడానికి వీధి చివరి నుంచి ఆటోలో వచ్చారు. 126 వచ్చింది. కుర్రవాడు వినయంగా డబ్బా వైపు చూపించాడు, ఆయన ఇంకో రెండు కొన్నారు.