మీ పిల్లలు ఏ బడిలో ఉన్నారు?

జూన్ వచ్చిందంటే ప్రభుత్వ టీచర్లు బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరుగుతారు. 'పిల్లల్ని మా బడికే పంపండమ్మా' అని బతిమాలతారు. వాళ్లలో చాలామంది సొంత పిల్లలు మాత్రం పసుపు బస్సెక్కి ప్రైవేటు స్కూలుకు వెళ్తారు. టీచర్లనే అనడం అన్యాయం. సర్కారు బడుల ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులదీ, మంత్రులదీ ఇదే కథ.

ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ 2022-23కు గానీ కదల్లేదు. అక్కడ ఆ సీట్లకు సర్కారు కట్టే ఫీజుల లెక్క మీద యాజమాన్యాలు పేచీ పెట్టాయి. తెలంగాణలో అయితే రాష్ట్రం వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఫైలు దుమ్ము దులిపినవారే లేరు.

ప్రజల సొమ్ము ప్రైవేటుకు ధారపోస్తే సర్కారు బడి ఇంకా ఖాళీ అవుతుందన్న వాదన ఉంది. కొట్టిపారేయలేం. కానీ ఆ మాట అంటున్నవారి పిల్లలు ఏ బడిలో ఉన్నారు?

డబ్బున్నవాళ్ల కాలనీలో నల్లా రెండు రోజులు రాకపోతే ఎమ్మెల్యేకు ఫోన్ వెళ్తుంది. ఆ పక్క బస్తీ బడిలో బాత్రూమ్‌కు నీళ్లు లేకపోతే ఎవరు చేస్తారు ఫోన్? నోరున్న తల్లిదండ్రులు ఎప్పుడో టీసీలు తీసుకుని వెళ్లిపోయారు. ఐటీ కారిడార్ పక్కన బడికైతే ఏదో కంపెనీ బెంచీలు, కంప్యూటర్లు ఇస్తుంది. గూడెంలో ఒకే టీచరున్న బడి వైపు చూసేదెవరు? డ్రైవర్ కొడుకూ, ఓనర్ కొడుకూ ఒకే బడిలో కూర్చోవాలని, చదువుల తీరుపై కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. అప్పుడూ తలలూపారు.

కిలోమీటరులో సర్కారు బడి ఉంటే ప్రైవేటు స్కూలుకు ఈ 25 శాతం నుంచి మినహాయింపు ఇస్తామని మహారాష్ట్ర 2024లో నిబంధనలు మార్చింది. బాంబే హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. పక్కనే సర్కారు బడి ఉందిగా అని ఇక్కడా సణిగేవాళ్లు ఆ తీర్పు ఒకసారి చదువుకోవాలి. ఆ బడి అంత బాగుంటే మీ పిల్లలు అక్కడెందుకు లేరు?

ఖజానా నుంచి జీతం తీసుకునేవారి పిల్లలు సర్కారు ప్రాథమిక పాఠశాలల్లోనే చదవాలని అలహాబాద్ హైకోర్టు 2015 ఆగస్టులో ఆదేశించింది. యూపీ సర్కారు దాన్ని అటకెక్కించింది. మన దగ్గర అలాంటి ఆదేశం వస్తే ఎంతమంది సెలవు చీటీలు రాస్తారో!

ప్రతి ప్రైవేటు స్కూలు గేటు మీద, 25 శాతం కింద ఎందరిని చేర్చుకున్నారో బోర్డు పెట్టించండి. అదీ చేతకాకపోతే, కనీసం ఈసారి బడిబాట ర్యాలీలో జెండా ఊపుతూ ఫొటోలు దిగకండి.